వేగాస్ లెక్క తిరువూరులోనే తేలాలి

తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం చుట్టుపక్కల ఏ వీధికి వెళ్ళినా అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇల్లు తగులుతుంది. పురుడు పొయ్యడానికో మనవడి పుట్టినరోజుకో తల్లిదండ్రులు ప్రయాణం కడతారు. అక్కడ పిల్లలకు వరసగా నాలుగు రోజులు సెలవులు దొరికితే అమ్మానాన్నల్ని తీసుకెళ్ళే చోట్లలో లాస్ వేగాస్ ముందుంటుంది. టికెట్లు, హోటలు అన్నీ పిల్లలే చూసుకుంటారు. పెద్దవాళ్ళు కారు వెనక సీట్లో కూర్చుని, ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ దిగుతారు. ఆ పెద్దవాళ్ళ చేతికి ఒక జేబు గైడు ఇవ్వండని ఈ కథనం అడుగుతోంది.

లోన్లీ ప్లానెట్ వాళ్ళ ‘పాకెట్’ వరస, డీకే వాళ్ళ ‘టాప్ 10’ వరస ఈ రకం పుస్తకాలు. వాటిని విమానంలో తెరిస్తే లాభం లేదు. నెల ముందే ఇంట్లో, పక్కన పెన్సిల్ పెట్టుకుని చదవాలి. వేరే ఊళ్ళలో అనుకున్నది తప్పితే ఒక గుడో మ్యూజియమో చూడకుండా వచ్చేస్తాం, అంతే. క్యాసినో ఊళ్ళో మనం అనుకున్నదాన్ని తప్పించడమే వ్యాపారం. ఆట హాల్లో సాధారణంగా కిటికీ ఉండదు, గోడ గడియారం ఉండదు. చాలా హోటళ్ళలో గదికి వెళ్ళాలన్నా, తిండికి వెళ్ళాలన్నా మెషీన్ల మధ్య నుంచే దారి. ఆడుతున్నవాళ్ళకు మందు ఉచితంగా తెచ్చిస్తారు. ఎంత డబ్బు, ఎన్ని గంటలు అన్నది అక్కడికి వెళ్ళాక తేల్చుకుందామనుకుంటే తేలదు.

ప్రయాణాన్ని కాగితం మీద పెట్టడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఏ మజిలీలో బస ఉంది, ఏ దారి ఎలా ఉంది, ఎక్కడ ఏ సామాను దొరుకుతుంది అని వెనక వచ్చేవాళ్ళ కోసం రాసుకుంటూ పోయారు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ను ఇవాళ యాత్రా సాహిత్యంగా చదువుతున్నాం కానీ, ఆ కాలపు యాత్రికుడికి అది చేతిలో ఉండాల్సిన పుస్తకం.

గైడులో మొదట చూడాల్సింది అచ్చయిన సంవత్సరం. వేగాస్ తన భవనాలను తనే కూల్చుకునే ఊరు. ట్రాపికానా హోటలు 2024 ఏప్రిల్‌లో మూతపడి అక్టోబరులో నేలమట్టమైంది. మిరాజ్ హోటలును అదే ఏడాది జులైలో మూసేశారు. విమానాశ్రయం పేరు 2021 డిసెంబరు నుంచి హ్యారీ రీడ్. స్ఫియర్ అనే పెద్ద గోళం తెరిచింది 2023 సెప్టెంబరులో. పాత పుస్తకాల దుకాణంలో చవగ్గా దొరికిందని పదేళ్ళ కిందటి గైడు కొంటే సగం పేజీలు లేని ఊరి గురించి చెబుతాయి.

తర్వాత మడత మ్యాపు. స్ట్రిప్ అనే ప్రధాన వీధి పొడవు సుమారు 6.8 కిలోమీటర్లు. మ్యాపులో పక్కపక్కనే కనిపించే రెండు హోటళ్ళ మధ్య నడక అరగంట పట్టొచ్చు. ఒక్కో భవనం అంత విస్తారం. మోకాళ్ళ నొప్పులున్న అమ్మను ‘ఇదిగో పక్కనే’ అని నడిపించకండి. స్ట్రిప్ పొడవునా రాత్రింబవళ్ళు తిరిగే ‘డ్యూస్’ అనే రెండంతస్తుల బస్సుంది. ఎండ సంగతి మనవాళ్ళకు చెప్పక్కర్లేదనుకుంటాం కానీ, 2024 జులై 7న అక్కడ 48.9 డిగ్రీలు నమోదైంది. రోహిణి కార్తెలో మనల్ని చెమట హెచ్చరిస్తుంది. ఎడారి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, ఒళ్ళు ఎండిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వెళ్తే మధ్యాహ్నాలు బయట ఏమీ పెట్టుకోవద్దు.

ఇక ఆట. సంక్రాంతికి మామిడితోటల్లో వేసే బరుల దగ్గర గుండాట, కోతాట చూసినవాళ్ళకు క్యాసినో బల్ల వింతగా తోచదు. ఒక తేడా మాత్రం ఉంది. ఆట నడిపేవాడి వాటా ఎంతో బరి దగ్గర ఎవరూ చెప్పరు. వేగాస్‌లో అది పుస్తకంలోనే దొరుకుతుంది. రూలెట్ చక్రం మీద 38 గళ్ళుంటాయి: 1 నుంచి 36 అంకెలు, ఒక సున్నా, ఒక జంట సున్నా. మీ అంకె పడితే రూపాయికి 35 ఇస్తారు. న్యాయంగా రావాల్సింది 37. ఆ మిగులే వాళ్ళ వాటా, నూటికి 5.26. చక్రం గంటకు 40 సార్లు తిరిగిందనుకుని ప్రతిసారీ 500 పెట్టండి. గంటలో 20,000 పందెం కాసినట్టు. అందులో సగటున 1,050 దాకా పోతుంది. మూడు సున్నాలున్న చక్రాలు కూడా పెట్టారిప్పుడు. అక్కడ వాటా 7.69.

బ్లాక్‌జాక్ బల్ల దగ్గర కుర్చీ లాక్కునే ముందు గుడ్డ మీద అచ్చేసిన అక్షరాలు చదవండి. ‘3కి 2’ అని ఉంటే, పది డాలర్ల పందెం మీద బ్లాక్‌జాక్ పడితే పదిహేను ఇస్తారు. ‘6కి 5’ అని ఉంటే పన్నెండే. అదే ఆట, అవే ముక్కలు. ఆ చిన్న అచ్చు చూడనివాళ్ళ మూడు డాలర్లు ప్రతిసారీ అక్కడే ఉండిపోతాయి. స్లాట్ మెషీన్‌లో పెద్ద జాక్‌పాట్ తగిలితే భారతీయుల దగ్గర 30 శాతం పన్ను అక్కడికక్కడే పట్టుకుంటారు. పాస్‌పోర్టు చూపాలి, వయసు 21 దాటి ఉండాలి.

ఇదంతా రాసేది ఆడమని కాదు. పందేల్లో పొలం కాగితాల దాకా పోయిన కుటుంబాల బాధ ఈ ప్రాంతానికి తెలుసు. అలాంటి అలవాటు ఇంట్లో ఒకరికున్నా వేగాస్‌ను ప్రయాణం నుంచి తీసెయ్యడమే మంచిది. సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య లైను టెలి మానస్ 14416 ఉంది. అలవాటు లేనివాళ్ళు సరదాకు కూర్చుంటే, సినిమా టికెట్టుకు పెట్టినట్టు పోయే డబ్బుగానే ముందే ఒక మొత్తం పక్కన పెట్టాలి. అది అయిపోగానే లేవాలి. కార్డు గదిలో వదిలి రావాలి.

హోటలు ధర దగ్గర కూడా గైడు పనికొస్తుంది. ఆదివారం నుంచి గురువారం దాకా గదులు చవక, శుక్ర, శనివారాలు ప్రియం. జనవరిలో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగే వారం అసలు వెళ్ళొద్దు. గది అద్దె మీద ‘రిసార్ట్ ఫీజు’ అని వేరే వేస్తారు. 2025 మే నుంచి ఆ మొత్తాన్ని ముందే కలిపి చూపాలన్న నిబంధన వచ్చింది.

గ్రాండ్ కాన్యన్ విషయంలోనూ మోసపోతుంటారు. గాజు వంతెన ఉన్న వెస్ట్ రిమ్ వేగాస్‌కు దగ్గర, కానీ అది హువాలపాయ్ తెగవారి భూమి, జాతీయ పార్కు కాదు. ఫొటోల్లో చూసే సౌత్ రిమ్‌కు కారులో నాలుగున్నర గంటలు. ఏది కొంటున్నారో టికెట్ మీద చూసుకోవాలి.

అమెరికా దాకా పోనివాళ్ళకు గోవా ఉంది. బెజవాడ నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ వాస్కో దాకా వెళ్తుంది. పణజిలో మాండవి నది మీద ఓడల్లో క్యాసినోలు నడుస్తున్నాయి. అక్కడి ప్రభుత్వం 2020 ఫిబ్రవరి నుంచి గోవావాసులను వాటిలోకి రానివ్వడం లేదు. తన జనాన్ని వద్దన్న చోటికి మన కుర్రాళ్ళు జీతాలు పట్టుకుని పోతున్నారు. ఇది నన్ను కలవరపెడుతుంది.

వేగాస్ గైడులో ఊరి చుట్టుపక్కల గురించి ఉండే నాలుగైదు పేజీలు తిరువూరు రైతు ముందుగా చదవాల్సినవి. స్ట్రిప్ నుంచి ముప్పావు గంటలో హూవర్ డ్యామ్ వస్తుంది. నెవాడాలో జూదం చట్టబద్ధమైన 1931లోనే దాని పని మొదలైంది, 1935లో పూర్తయింది. ఎత్తు 221 మీటర్లు. మన నాగార్జునసాగర్ 124. సాగర్ ఎడమ కాలువ మూడో జోన్ చివర ఉన్నవాళ్ళం మనం. నీళ్ళు ఎప్పుడొస్తాయోనని ఎదురుచూడటం పుట్టినప్పటి నుంచీ ఎరుగుదుం. ఆ డ్యామ్ వెనక మీడ్ జలాశయం గట్టురాళ్ళ మీద తెల్లటి చార కనిపిస్తుంది, ఒకప్పటి నీటిమట్టం గుర్తు. 2022 జులైలో నీళ్ళు 1937 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి దిగాయి.

కొలరాడో నదీ జలాల్లో నెవాడా వాటా ఏడాదికి 3 లక్షల ఎకరా అడుగులు. మన లెక్కలో 13 టీఎంసీలు. పక్కనున్న కాలిఫోర్నియాకు 190 టీఎంసీలకు పైనే. ఆ పదమూడులోనే అన్ని హోటళ్ళూ అన్ని లక్షల ఇళ్ళూ బతకాలి. అందుకే ఇళ్ళలో, హోటళ్ళలో వాడిన నీటిని దాదాపు మొత్తం శుద్ధి చేసి తిరిగి మీడ్‌లోకే వదులుతారు. రోడ్ల పక్కన అలంకారానికి పెంచే పచ్చికను 2026 చివరికల్లా తీసెయ్యాలని 2021లో చట్టం చేశారు. బెలాజియో హోటలు ముందు ఎగిసే ఫౌంటెన్లకు ఊరి సరఫరా నీళ్ళు వాడరు, సొంత బావి నీళ్ళే.

రెండు రోజుల ప్రయాణమైతే ఒక పూట మొత్తం హూవర్ డ్యామ్‌కు ఇవ్వండి. ఎండ ముదరకముందే ఎనిమిదింటికి కారెక్కండి. బచావత్ అవార్డు, టీఎంసీలు, చివరాయకట్టు... ఈ మాటలన్నీ అమెరికాలో పెరిగిన మనవడికి చెప్పడానికి ఆ గట్టు మీద తాతకు కావలసినంత సమయం దొరుకుతుంది.