కథ ఒక్కటే.. పాట మాత్రం ప్రతిసారీ కొత్తదే!

ఇంటర్వ్యూ కోసం ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు జవాబు బట్టీ పట్టారా? మధ్యలో ఇంకో ప్రశ్న రాగానే నోట మాట ఆగిపోయిందా? అయితే కార్తికమాసం చివర్లో ఓసారి పల్నాడు జిల్లా కారంపూడి వెళ్లి రండి. చేతిలో కాగితం లేకుండా, వింటున్న జనాన్ని బట్టి కథను పెంచుతూ తగ్గిస్తూ పాడేవాళ్లు అక్కడ కనిపిస్తారు. వాళ్లే వీరవిద్యావంతులు. వాళ్లు పాడేది పల్నాటి వీరుల కథ.

అయిదు రోజుల వేదిక

12వ శతాబ్దం చివర్లో గురజాల నలగామరాజుకు, మాచర్ల మలిదేవరాజుకు మధ్య జరిగిన దాయాదుల పోరు ఇది. నాగులేరు ఒడ్డున కారంపూడిలో యుద్ధం జరిగింది. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు.. పేర్లన్నీ మనకు తెలిసినవే. ఆ వీరుల పేరిట ఏటా కార్తిక అమావాస్య నుంచి ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు.. ఇలా రోజుకో ఘట్టం. మందపోరు నాడు కులభేదం లేకుండా కలిసి తినే చాపకూడు పెడతారు. పంబజోడు మోగుతుంటే ప్రధాన గాయకుడు కత్తి పట్టి ఆడుతూ పాడతాడు, వెనకున్నవాళ్లు వంత అందుకుంటారు.

అదే పాట.. అదే కాదు

అమెరికాలో ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ అనే బృందం ఉండేది. 1968లో వాళ్లు ‘డార్క్ స్టార్’ పాటను రికార్డుగా విడుదల చేసినప్పుడు దాని నిడివి మూడు నిమిషాల లోపే. 1969లో వచ్చిన ప్రత్యక్ష కచేరీ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు దాటింది. ప్రతి కచేరీలో కొత్తగా వాయిస్తారని అభిమానులు ఊరూరూ తిరిగి వినేవారు. మన పల్నాటి కథ నడక కూడా అంతే. కోడిపందెం, అలరాజు రాయబారం, బాలచంద్రుడి యుద్ధం.. ఈ వరస మారదు. వర్ణన ఎంతసేపు సాగాలి, వంత ఎక్కడ పడాలి అన్నది మాత్రం ఆ పూటే తేలుతుంది.

కాగితం మీదికి ఎలా వచ్చింది?

శ్రీనాథుడి పేరిట ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. నోటిపాటకు పుస్తకరూపం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లిష్‌లోకి అనువదించారు. ఆ పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడింది. ఇక్కడే ఓ చిక్కుంది. పుస్తకంలో దక్కింది ఒక గాయకుడి పాట మాత్రమే. మిగతా గాయకుల పాటలు వాళ్ల గొంతుల్లోనే ఉంటాయి. రికార్డు కాకపోతే గాయకుడితో పాటే అతని పాటా పోతుంది.

మీకేంటి ఇందులో?

ఈ పనికి చదువూ ఉంది, కొలువూ ఉంది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. సంగీత రికార్డులను భద్రపరిచేందుకు 1982లో ఏర్పడిన కేంద్రం గురుగ్రామ్‌లో నడుస్తోంది. సౌండ్ రికార్డింగ్, మాటను అక్షరాల్లో పెట్టడం, అనువాదం, పర్యాటక గైడ్.. తెలుగు బాగా వచ్చినవాళ్లకు పనికొచ్చే నైపుణ్యాలివి. చేతిలో ఫోన్ ఉంటే ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు. ముందు గాయకుడి అనుమతి అడగండి, ఆయన పేరు, ఊరు, తేదీ రాసుకోండి. పాటతో మీకు డబ్బు వస్తే అందులో ఆయనకూ వాటా ఇవ్వండి.

ఇక ఇంటర్వ్యూ సంగతి. వీరవిద్యావంతుడు ప్రతి మాటనూ బట్టీ పట్టడు, ఘట్టాల వరసను గుర్తుపెట్టుకుంటాడు. మీరూ అంతే చేయండి. మీ చదువు, మీరు చేసిన ఒక పని, అందులో ఎదురైన ఇబ్బంది, దాన్ని దాటిన తీరు.. ఈ నాలుగు ఘట్టాలూ మనసులో ఉంటే చాలు. మధ్యలో ఎవరు ఏం అడిగినా జవాబిచ్చి, మళ్లీ కథలోకి రావచ్చు!