కాన్పు వేళ తోడు - ఒక ఆరోగ్య కార్యకర్త అనుభవం

ముప్పై రెండేళ్లపాటు గ్రామాలలో ఏ.ఎన్.ఎం.గా పనిచేసి పదవీ విరమణ చేశాను. గర్భిణుల పేర్లు నమోదు చేయడం, టీకాలు వేయడం, ఐరన్ మాత్రలు పంచడం, నొప్పులు రాగానే ఆసుపత్రికి చేర్చడం నా విధులు. ఇప్పుడు నా పని వేరు. కాన్పు సమయంలో తల్లి పక్కన కూర్చుంటాను. సూది వేయను, పరీక్ష చేయను. ఈ పని చేసే స్త్రీని 'డూలా' అంటారు. "ఇంత అనుభవం పెట్టుకొని ఊరికే కూర్చోవడమేమిటి?" అని బంధువులు అడుగుతుంటారు. వారికి నేనిచ్చే సమాధానమే ఈ వ్యాసం.

నన్ను మార్చిన మాట

ఉద్యోగంలో ఉండగా ఒక తొలిచూలు యువతి నొప్పులతో వచ్చింది. "నర్సమ్మా, కాసేపు నా చెయ్యి పట్టుకోండి" అని అడిగింది. "ఇప్పుడే వస్తాను" అని చెప్పి రిజిస్టర్లు పూర్తిచేయడానికి వెళ్లాను. ఆమె తల్లిని మేము లోపలికి రానివ్వలేదు. కాన్పు క్షేమంగానే జరిగింది. నా లెక్కలో అది ఏ లోపమూ లేని కాన్పు. కొన్నేళ్ల తరువాత టీకాల రోజున ఆమె కనిపించి, "బిడ్డను మొదట చూసిన క్షణం గుర్తు లేదు నర్సమ్మా, మంచం ఎదుటి గోడ మాత్రం ఇంకా కళ్లకు కడుతుంది" అన్నది. ఆమె నిష్ఠూరంగా అనలేదు. అయినా ఆ మాట నన్ను వదలలేదు. పదవీ విరమణ తరువాత ఈ శిక్షణ పొందడానికి అదే కారణం.

కొత్త పేరు, పాత ధర్మం

డూలా అనేది గ్రీకు పదం. సేవచేసే స్త్రీ అని దాని అర్థం. 1973లో డానా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త దీనిని తల్లికి తోడ్పడే స్త్రీ అనే అర్థంలో వాడారు. డాక్టర్ క్లాస్, డాక్టర్ కెన్నెల్ బృందం గ్వాటెమాలాలో చేసి 1980లో ప్రకటించిన పరిశోధనలో, పక్కన ఒక స్త్రీ తోడుగా ఉన్న తల్లులకు కాన్పు త్వరగా జరిగినట్లు తేలింది. 2017లో ప్రచురితమైన కాక్రేన్ సమీక్ష 17 దేశాలలో 15,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన 26 అధ్యయనాలను పరిశీలించింది. నిరంతర తోడు వల్ల సహజ ప్రసవాలు పెరుగుతాయనీ, సిజేరియన్లు తగ్గుతాయనీ తెలిపింది.

మన ఆయుర్వేదం ఈ విషయాన్ని ఏనాడో గుర్తించింది. అనేక పర్యాయాలు ప్రసవించిన, స్నేహశీలురైన స్త్రీలు గర్భిణిని చుట్టి ఉండి ధైర్యం చెప్పాలని చరక సంహిత శారీరస్థానం చెబుతున్నది. ప్రసవవేళ రోకలితో దంచడం అనే ఆచారాన్ని ఆత్రేయుడు నిరాకరించి, మెల్లగా నడవడాన్ని సమ్మతించాడు. నొప్పి రానప్పుడు ముక్కరాదని కూడా అక్కడే ఉన్నది.

దీనికి కారణం సులభంగానే తెలుస్తుంది. భయం కలిగితే శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది. గర్భాశయాన్ని ముడుచుకొనేటట్లు చేసే ఆక్సిటోసిన్ పనికి అది ఆటంకమవుతుంది. మనసు కుదుటపడితే నొప్పులు సక్రమంగా సాగుతాయి.

తోడుగా ఉండేవారు చేయదగినవి

1. నొప్పి వచ్చినపుడు నడుము దిగువ భాగాన్ని అరచేతితో గట్టిగా అదిమి పట్టాలి.
2. వెల్లకిల పడుకోబెట్టక, నడిపించడం, కూర్చోబెట్టడం, ఎడమ పక్కకు తిప్పడం చేయాలి.
3. వైద్యులు అనుమతిస్తే గుక్కెడు గుక్కెడుగా మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, పలుచని గంజి ఇవ్వాలి.
4. శ్వాస నిదానంగా వదలమని, తామూ అలా వదులుతూ చూపించాలి.
5. బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించడానికి సాయపడాలి.

చేయరానివి

నొప్పులు రావాలని ఇంట్లో ఆముదం తాగించరాదు. విరేచనాలై తల్లి నీరసించిపోతుంది. ఇంటివద్ద నొప్పుల సూది వేయించడం మరింత ప్రమాదం. గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకు ప్రాణవాయువు అందకపోవచ్చు. రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం - వీటిలో ఏది కనిపించినా గృహవైద్యంతో కాలయాపన చేయక, వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

నాకు కష్టమైనది నేర్చుకోవడం కాదు, పాత అలవాటును అదుపులో ఉంచుకోవడం. మొదటి కాన్పులోనే నా చేయి అప్రయత్నంగా తల్లి పొట్టను పరీక్షించబోయింది. డ్యూటీ నర్సు వారించింది. ఆమె చేసినది సబబే. డూలా డాక్టరూ కాదు, మంత్రసానీ కాదు. వైద్యం వారి పని; విడువకుండా ఉండడం నా పని.

కుటుంబాలకు మనవి

ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవవేళ ఒక తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో నిర్ణయించింది. ఏడవ నెలలోనే ఆసుపత్రివారితో మాట్లాడి, ఎవరిని అనుమతిస్తారో తెలుసుకోండి. డూలాయే కావలసిన పనిలేదు. తల్లి గాని, అత్తగారు గాని, అక్క గాని కావచ్చు. అయితే ఆ మనిషిని గర్భిణి స్వయంగా ఎంచుకోవాలి. ఎవరి చేయి పట్టుకుంటే తనకు ధైర్యమో ఆమెకే తెలుసు.