రంగుల కాగు - సూక్ష్మతరంగములు

తెల్లవారకముందే అద్దకపు పనివాడు పొయ్యి రాజవేయును. దానిపై పెద్ద రాగి కాగు నుంచి, నీరు నింపి, రంగు కలిపి, కాగుచున్న ఆ నీటిలో నూలు చిలపలను ముంచును. పిమ్మట కఱ్ఱలతో వానిని మాటిమాటికి త్రిప్పుచుండును. కొంతసేపు చేయి నిలిపినచో కొన్ని చిలపలు ముదురు రంగును, కొన్ని లేత రంగును పొందును. అట్టి నూలుతో నేసిన చీరపై చారలు తేలును. కొనవచ్చినవాడు దానిని ప్రక్కకు నెట్టును. కావున పొగలో, ఆవిరిలో నిలిచి చిలపలను త్రిప్పుట అతనికి కూటితో ముడిపడిన పని. పెద్ద మిల్లులలో కాగునకు బదులు ఉక్కు యంత్రములును, కట్టెలకు బదులు బాయిలరునుండి వచ్చు ఆవిరియు నుండును. అయినను జరుగు పని యొక్కటే: నీటిని వేడిచేయుట, ఆ వేడిమి సాయమున రంగును పోగులలోనికి పంపుట.

ఈ పనిని వంటయిండ్లలో కనబడు మైక్రోవేవ్ పొయ్యి వంటి సాధనముతో చేయరాదా యని శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దములుగా పరిశోధించుచున్నారు. దీనిని గ్రహించుటకు ముందు, రంగునకు వేడిమితో పని యేమో తెలిసికొనవలెను.

బట్టకు రంగు వేయుట గోడకు సున్నము పూయుట వంటిది కాదు. సున్నము గోడపైననే నిలుచును. మంచి రంగు పోగు లోపలికి దూరి, అచట నెలకొనవలెను. ఇందు మూడు మెట్లు కలవు. మొదట రంగు అణువులు నీటిలో ప్రయాణము చేసి పోగును చేరును. పిదప పోగులోని యిఱుకు సందులలోనికి చొచ్చుకొనిపోవును. కడపట పోగులోని అణువులను పట్టుకొని నిలుచును. వేడిమి హెచ్చినకొలది అణువుల కదలిక హెచ్చును. కావున ఈ మెట్లన్నియు త్వరగా గడచును.

మచిలీపట్నపు కలంకారీ పనివారు ఈ విషయమును అనుభవముచే ఎఱుగుదురు. వారు బట్టను కరక్కాయ నీటిలో తడిపి ఆరవేసి, ఎఱుపు కావలసిన చోట్ల పటిక ద్రావణమును అద్దుదురు. అప్పుడు ఎఱుపు కానరాదు. ఆ బట్టను ఎఱుపు నిచ్చు వేళ్లతో కలిపి కాగులో మరిగించినప్పుడే పటిక తగిలిన చోటనెల్ల ఎఱుపు తేలును. పూర్వము ఇందుకు చిరివేరు ప్రసిద్ధి కెక్కినది. రంగు అణువులకును నూలునకును పటిక నడుమ లంకెయై నిలుచును. ఆ లంకె పడుటకు వేడిమి తోడ్పడును.

అన్ని పోగులును ఒకే తీరున రంగును గ్రహింపవు. ప్రత్తి పోగు నీటిని పీల్చి ఉబ్బును. దానిలోనికి రంగు ప్రవేశించుట అంత కష్టము కాదు. పాలిస్టరు పోగు అట్టిది కాదు. దీనిని 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అను రసాయన శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానిలోని పొడవైన అణువుల గొలుసులు ఒకదాని నొకటి ఒరసికొని దట్టముగా నుండును. నీరు కూడ లోనికి పోజాలదు. ఆ గొలుసులు కదలి రంగునకు దారి యిచ్చుటకు సుమారు 130 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలయును. మూతలేని కాగులో నీరు 100 డిగ్రీలకే మరగి ఆవిరియగును. కావున పాలిస్టరును మిల్లులలో గట్టిగా మూసిన పాత్రలందు ఒత్తిడిలో ఉడికింతురు.

ఇక పాత పద్ధతిలో వేడిమి పోగును చేరు మార్గమును చూతము. నిప్పు కాగును వేడిచేయును. కాగు తన్నంటియున్న నీటిని వేడిచేయును. వేడెక్కిన నీరు పైకి లేచి, చల్లని నీరు క్రిందికి దిగుచుండగా తొట్టి యంతయు క్రమముగా కాగును. మొదటిది వహనము, రెండవది సంవహనము. ఈ మార్గము దీర్ఘమైనది. ప్రతి చోటను కొంత వేడిమి కాగు ప్రక్కలనుండియు, ఆవిరితోడను, పొగతోడను వెలికి పోవుచుండును.

దీనిని ఒక లెక్కతో గ్రహింపవచ్చును. ఒక కిలోగ్రాము నూలును ముంచుటకు 20 కిలోగ్రాముల నీరు తీసికొంటి మనుకొనుడు. ఆ నీటిని 30 డిగ్రీలనుండి 90 డిగ్రీలకు తెచ్చుటకు 20ని 60చే హెచ్చింపగా 1200 కిలోకెలోరీల వేడిమి కావలయును. కాగును, నూలును వేడిచేయుట ఇందులో చేరలేదు. రంగు పట్టవలసినది కిలోగ్రాము నూలు. వేడెక్కినది ఇరువది కిలోగ్రాముల నీరు! పని ముగిసిన పిమ్మట ఆ వేడినీరు చాలవరకు కాలువ పాలగును.

సూక్ష్మతరంగముల కథ వంటయింట గాక యుద్ధరంగమున మొదలైనది. 1940లో ఇంగ్లండులోని బర్మింగుహాము విశ్వవిద్యాలయమున రాండల్, బూట్ అను శాస్త్రజ్ఞులు బలమైన సూక్ష్మతరంగముల నిచ్చు మాగ్నెట్రాన్ అను గొట్టమును నిర్మించిరి. శత్రు విమానములను దూరమునుండియే కనిపెట్టు రాడారునకు అది ప్రాణమయ్యెను. 1945లో అమెరికాలోని రేథియాన్ సంస్థలో పెర్సీ స్పెన్సర్ అను ఇంజనీరు మాగ్నెట్రాన్ దగ్గఱ పనిచేయుచుండగా అతని జేబులోని తినుబండారము కరగిపోయెను. అతడు విసుగుకొని ఊరకుండలేదు, కారణమేమని ప్రశ్నించెను. మొక్కజొన్న గింజలను తెచ్చి దానియెదుట నుంచగా అవి పేలాలయ్యెను. 1947 నాటికి ఆ సంస్థ ఇట్టి పొయ్యిని అమ్మకమునకు తెచ్చినది.

ఈ తరంగములు వేడిమి పుట్టించు విధము వింతయైనది. నీటి అణువున కొక కొన కొంచెము ధనవిద్యుత్తును, రెండవ కొన కొంచెము ఋణవిద్యుత్తును కలిగియుండును. సాధారణముగా ఈ పొయ్యిలలోని తరంగములందు విద్యుత్ క్షేత్రము సెకనునకు 245 కోట్ల పర్యాయములు అటునిటు ఊగుచుండును. దానిననుసరించి తిరుగవలెనని నీటి అణువులు యత్నించును. ప్రక్క అణువులు అడ్డగించును. ఈ పెనుగులాటయే వేడిమిగా మారును. ఇచట నిప్పు లేదు. కాగు గోడ ముందుగా కాగనక్కఱ లేదు. తరంగములు సోకిన చోటనే నీరు వేడెక్కును.

ఈ తరంగములు వస్తువును నట్టనడుమనుండి వేడిచేయునని కొందఱు తలంతురు. అది పొరపాటు. నీటిలో అవి కొలది సెంటీమీటర్ల లోతునకు పోవుసరికే చాలవరకు హరించిపోవును. పెద్ద తొట్టి నడుమకు అవి నేరుగా చేరజాలవు. పలుచని తడిబట్టలోనికి మాత్రము దాని మందమంతట ఒక్కమాఱుగా చొచ్చుకొనిపోగలవు. కావున ఈ పద్ధతికి తొట్టికంటె తడిబట్టయే తగినది. బట్టను రంగునీటిలో ముంచి, రోలర్ల నడుమ పిండి, కిలోగ్రాము బట్టకు కిలోగ్రాము నీరు మాత్రము మిగులునట్లు చేసినచో, ఆ నీటిని 60 డిగ్రీలు హెచ్చించుటకు 60 కిలోకెలోరీలు చాలును. మునుపటి దానిలో ఇది ఇరువదవ వంతు. ఇట్టి ప్రయోగములలో గంటసేపు పట్టు పని కొన్ని నిమిషములలోనే ముగిసిన సందర్భములు కలవు.

అయిన నిచట విద్యార్థి జాగ్రత్తగా ఆలోచింపవలెను. ఈ పొదుపునకు కారణము తరంగములా, తగ్గించిన నీరా? ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు, అది కట్టెల మంటయైనను తరంగమైనను, ఒక కెలోరీయే కావలయును. పిండిన బట్టను ఆవిరి గదిలోనికి పంపు పద్ధతి మిల్లులలో ముందునుండియే కలదు. దానిలోను నీరు తక్కువయే. కావున సూక్ష్మతరంగములను నిండు తొట్టితో పోల్చి గెలిచినవనుట న్యాయము కాదు. ఆవిరి గదితో పోల్చి చూడవలెను. అప్పుడు మిగులునది ముఖ్యముగా కాలపు లాభము. వేడిమి వెంటనే పుట్టును. మీట ఆపినంతనే ఆగిపోవును. మఱియొక సంగతి కూడ కలదు. విద్యుత్తు బొగ్గునుండి వచ్చినచో, ఆ బొగ్గు వేడిమిలో సగముకంటె తక్కువ భాగమే విద్యుత్తగును. ఆ విద్యుత్తులో సుమారు మూడవ వంతు మాగ్నెట్రాన్ మొదలగు భాగములందు వ్యర్థమగును. ఈ నష్టములను లెక్కలో చేర్చనిదే పొదుపు తేలదు.

కష్టములు కూడ కలవు. మూసిన పెట్టెలో తరంగములు గోడలకు తాకి మరలుచు ఒకదానితో నొకటి కలియుటచే, కొన్ని చోట్ల బలముగను, కొన్ని చోట్ల బలహీనముగను ఉండును. వంటపొయ్యిలోని పళ్లెము తిరుగుట కిదియే కారణము. అన్నము ఒకచోట చల్లగా నున్న కలిపి తినవచ్చును. బట్టపై మచ్చపడినచో దానిని మరల కలుపుట యెట్లు? మఱియు బట్ట ఆరిపోవుచో నీరు కదలిన దిక్కునకు రంగు కూడ కదలును. అందుచే తడి ఆరకుండ బట్టను కప్పి, కదలించుచు వేడిచేయవలసియుండును. పొడి పాలిస్టరు తరంగములను దాదాపు గ్రహింపదు. దానికి నీరో, తగిన మఱియొక ద్రవ్యమో తోడు కావలయును. ఒత్తిడికి నిలుచు పాత్రయు అక్కఱయే. రంగు వేసిన పిమ్మట అంటని రంగును కడుగుటకు నీరు ఏ పద్ధతిలోనైనను తప్పదు.

కావున నేటికిని మిల్లులలో ఆవిరిదే పైచేయి. సూక్ష్మతరంగములతో అద్దకము చాలవరకు ప్రయోగశాలలలోనే సాగుచున్నది. వాని సోదరులగు రేడియో తరంగములు మాత్రము కండెలకు చుట్టిన నూలును ఆరబెట్టుటకు కర్మాగారములలో ఉపయోగపడుచున్నవి. ఈ విషయము చదివి వంటయింటి పొయ్యిలో రంగులతో ప్రయోగము చేయబూనుట తగదు. రంగులు ఆహారముతో కలియరాదు. లోహపు పాత్రలనుండి నిప్పురవ్వలు లేచును.

కాగునొద్ద నిలిచిన పనివాడు కోరునది యేమి? కట్టెలు తక్కువ కాలవలెను, పొగ తగ్గవలెను, చెఱువులోనికి పోవు రంగునీరు తగ్గవలెను, బట్ట మీద రంగు సమముగా నిలువవలెను. ఈ నాలుగింటిని తూచి చూడక, క్రొత్తదని యొకదానిని పొగడుటయు, పాతదని యొకదానిని విడుచుటయు శాస్త్రము కాదు. కరగిన తినుబండారమును చూచి కారణ మడిగిన స్పెన్సర్ వలెనే, నీటిని ఇంత యేల కాచవలెనని అడిగినవాడు కూడ శాస్త్రజ్ఞుడే. ఆ ప్రశ్న కాగునొద్ద నిలిచినవానికిని తోచవచ్చును.