మెదడు అల్లికలో బొమ్మా బొరుసూ

అచ్చుగుద్దినట్టుండే కవలల్లో దాదాపు ఐదు జంటలకు ఒక జంటలో ఒకరిది కుడిచేతి వాటం, ఇంకొకరిది ఎడమచేతి వాటం. ఒకే పిండం రెండుగా చీలి పుట్టినవాళ్లు. జన్యువులు ఒకటే, పెరిగిన ఇల్లూ ఒకటే. మరి చేతివాటం ఎక్కడ మారినట్టు? మనిషి స్వభావానికి మనం ఎప్పుడూ రెండే కారణాలు వెతుకుతాం: వంశం, పెంపకం. పిండంలో మెదడు అల్లుకునే వేళ జరిగే చిన్న చిన్న యాదృచ్ఛిక సంఘటనల్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

తీసుకోక తప్పదు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు. ఒక్కోదానికి వేలకొద్దీ అనుసంధానాలు. ప్రొటీన్లకు సూచనలిచ్చే జన్యువులు చూస్తే 20,000 దాకా ఉంటాయి, అంతే. ఏ తీగ ఏ తీగతో కలవాలో విడివిడిగా రాసిపెట్టడానికి అందులో చోటు లేదు. జన్యువులు చెప్పేది పద్ధతి మాత్రమే: ఫలానా రసాయనం ఉన్న వైపు పెరుగు, పక్క కణం ఫలానా సంకేతం పంపితే ఆగు. ఆ క్షణాన ఆ కణంలో ఆ అణువులు నాలుగు ఎక్కువున్నాయా, తక్కువున్నాయా అన్నది ఎక్కడా రాసి ఉండదు.

దీన్ని కళ్లకు కట్టించింది మగ్గిన అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగ, డ్రోసోఫిలా. చుట్టూ నీళ్లు, మధ్యలో గుండ్రటి తిన్నె, ఎదురెదురుగా రెండు నల్ల చారలు. రెక్కలు కత్తిరించిన ఈగను తిన్నె మీద వదిలితే ఒక చార వైపు నడుస్తుంది, నీళ్లు అడ్డొస్తే తిరిగి రెండోదాని వైపు పోతుంది. అలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. (రెండు సమానమైన గడ్డిమోపుల మధ్య ఎటూ తేల్చుకోలేక ఆకలితో చచ్చిన గాడిద కథతో ముడిపడిన ఫ్రెంచి తత్వవేత్త బూరిదాన్ పేరే ఈ పరీక్షకు పెట్టారు. గాడిద కన్నా ఈగే నయం.) కొన్ని ఈగలు గీత గీసినట్టు నడుస్తాయి, కొన్ని వంకరలు పోతాయి. కొన్ని రోజులాగి మళ్లీ పరీక్షించినా ఏ ఈగ నడక దానిదే.

గెరిట్ లిన్నెవెబర్, బాసెం హసన్, వారి సహచరులు 2020లో ‘సైన్స్’ పత్రికలో దీని గుట్టు విప్పారు. చూపుకు సంబంధించిన ఒక న్యూరాన్ల గుంపు ఈగ మెదడులో కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా అల్లుకుంటుంది. ఆ తేడా ఎంత ఎక్కువైతే నడక అంత తిన్నగా ఉంటుంది. ఆ న్యూరాన్లన్నీ మొదట ఒకేలాంటివి. నాచ్ అనే ప్రొటీన్ ద్వారా ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటూ, ఏ పోగు ఎటు పోవాలో తమలో తామే తేల్చుకుంటాయి. తిన్నగా నడిచే ఈగల్ని ఏరి జత కలిపితే పిల్లల్లో మళ్లీ అన్ని రకాల నడకలూ కనబడ్డాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈ నడకా పుట్టుకతో వచ్చిందే, కానీ తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు.

మొదట్లో పడిన ఆ చిన్న తేడాను బతుకు పెంచుతుంది. జర్మనీలో గెర్డ్ కెంపర్‌మన్ బృందం జన్యుపరంగా ఒకేలాంటి 40 ఎలుకల్ని అంతస్తులూ గొట్టాలూ ఉన్న పెద్ద పంజరంలో మూడు నెలలు పెంచింది. ఒకే చోట పెరుగుతున్నా రోజులు గడిచేకొద్దీ వాటి తీరుల మధ్య దూరం పెరిగింది. పంజరమంతా కలయదిరిగిన ఎలుకల్లో, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో కొత్త న్యూరాన్లు ఎక్కువ పుట్టాయని 2013లో ప్రకటించారు.

ఇంత గజిబిజిని పరిణామం ఎందుకు ఏరిపారేయలేదు? కొంత గజిబిజి వదిలించుకోలేనిది. కొంత లాభసాటి కూడా కావచ్చంటారు కొందరు జీవశాస్త్రవేత్తలు. వానను నమ్మలేని మెట్టరైతు జొన్నలో కంది సాళ్లు వేసినట్టు, ఒకే జన్యువులతో పలు స్వభావాల పిల్లలు పుడితే ఏ ఏడు ఎండ ముదిరినా, చలి ముదిరినా కొందరైనా మిగులుతారు. తిన్నగా నడిచే ఈగ ఏదో ఒక కాలానికి పనికొస్తుంది, వంకరగా నడిచేది ఇంకో కాలానికి.