ముప్పు ఫోన్ చెబుతుంది, మరి మాత్ర?

మస్కట్‌లో ఘుబ్రా అనగానే రాయల్ హాస్పిటల్ గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల గదులు పంచుకుని బతికే మన గోదావరి వాళ్లకు గుండె గురించి భయం ఉంటుంది గానీ చూపించుకునే తీరిక ఉండదు. ఊరి నుంచి వచ్చిన ఆవకాయ, నైట్ డ్యూటీ, తెగని అప్పు: మూడూ బీపీకి చేటే. ఫోన్ మాత్రం చేతిలోనే ఉంటుంది. అది గుండెకు అక్కరకొస్తుందా?

కొంతవరకు వస్తుంది. సిడ్నీలో 710 మంది గుండె రోగులతో చేసిన పరిశోధన 2015లో వెలువడింది. సగం మందికి ఆరు నెలలు, వారానికి నాలుగేసి ఎస్సెమ్మెస్‌లు పంపారు. తిండి, నడక, సిగరెట్ గురించి చిన్న చిన్న మాటలు, అంతే. మిగతా సగంతో పోలిస్తే వాళ్లలో చెడు కొలెస్ట్రాల్, బీపీ తక్కువగా తేలాయి.

పశ్చిమ గోదావరిలో ఇంకా పెద్ద ప్రయత్నమే జరిగింది. 54 ఊళ్లలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చారు. ఆశా ఇంటికొచ్చి బీపీ చూసి, వయసు, పొగ అలవాటు లాంటివి ఎక్కిస్తే గుండె జబ్బు ముప్పెంతో యాప్ లెక్కగట్టేది. ముప్పున్నవాళ్లను డాక్టర్ దగ్గరికి పంపేవారు. 2019లో ఫలితాలొచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు! నాకు ఈ ఫలితమే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ముప్పు కనిపెట్టడం ఒక ఎత్తు, నెలనెలా మాత్ర అందడం, మానకుండా మింగడం మరో ఎత్తు.

కెమెరా మీద వేలు పెడితే బీపీ చెబుతామనే యాప్‌లను నమ్మకండి. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలికొసకు రక్తం పోటెత్తి, తిరిగొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. దాంతో నాడి లెక్కపెట్టవచ్చు. బీపీకి మాత్రం మోచేతి పైన కట్టే పట్టీయే నమ్మకమైనది. మెట్లెక్కిన ఆయాసంతో కొలవకూడదు. టీ తాగినా, సిగరెట్ కాల్చినా అరగంట ఆగాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. నిమిషం ఆగి మళ్లీ కొలిచి రెండంకెలూ యాప్‌లో ఎక్కించాలి. వారం రోజుల సగటు 135/85 దాటితే ఆ ఫోన్ తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించాలి.

ఛాతీ బిగుసుకుపోయి, నొప్పి చేతికో దవడకో పాకి, చెమటలు పడితే మాత్రం ఏ యాప్ తెరవొద్దు. ఒమాన్‌లో 9999కు ఫోన్ చేయండి.