ఒక్క ‘రన్’కు 645 అర్థాలు

ఇంగ్లిషు బడిలో చేరిన పిల్లలు తొలి రోజుల్లోనే నేర్చుకునే క్రియల్లో ‘రన్’ ఒకటి. పరుగెత్తడం అని టీచరు చెబుతారు, పిల్లలు రాసుకుంటారు. ఆ చిన్న మాటకు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 2011లో తేల్చిన అర్థాలు 645! వాటిని విడదీసి, వరస పెట్టి రాయడానికి నిఘంటుకారుడు పీటర్ గిల్లివర్‌కు దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. 1989 నాటి రెండో కూర్పులో 430 అర్థాలతో ‘సెట్’ ముందుండేది. తర్వాతి సవరణల్లో ‘మేక్’, ఆపైన ‘పుట్’ దాన్ని మించిపోయాయి. చివరికి ‘రన్’ అన్నిటినీ దాటింది.

ఇన్ని అర్థాలు ఎలా పుట్టాయి?

పాత ఇంగ్లిషులోనే ఈ మాటను మనిషి పరుగుకూ, నీటి ప్రవాహానికీ వాడేవారు. ఆగకుండా సాగడం అన్న భావం అప్పటికే అందులో ఉంది. యంత్రాలు వచ్చాక ఇంజన్లకూ, మిల్లులకూ, రైళ్లకూ అదే మాట అమరింది. కంప్యూటర్లు వచ్చాక ప్రోగ్రాములకూ సరిపోయింది. ‘సాఫ్ట్‌వేర్ రన్ చేశాను’ అని మనవాళ్లు ఇప్పుడు తెలుగులోనే అంటున్నారు.

ఇంగ్లిషు ఒక్క క్రియతో నెట్టుకొచ్చే చోట తెలుగు దేనికి తగ్గ మాట దానికి వాడుతుంది. నది పారుతుంది, ముక్కు కారుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, బస్సు నడుస్తుంది, ఉతికితే చీర రంగు దిగుతుంది. ఇంగ్లిషులో ఇవన్నీ ‘రన్’లే. హోటల్ నడుస్తోందనాలన్నా, ఆవిడ హోటల్ నడుపుతోందనాలన్నా ఆ క్రియే చాలు. తెలుగులో మాత్రం నడవడం వేరు, నడపడం వేరు.

ఎన్నికల సంగతి మరీ చిత్రం. అమెరికాలో అధ్యక్ష పదవికి ‘రన్’ అవుతారు. బ్రిటన్‌లో పార్లమెంటుకు ‘స్టాండ్’ అవుతారు. మన ఊళ్లో కూడా సర్పంచి పదవికి నిలబడతారే గానీ, పరుగెత్తరు.

పక్కన చిన్న మాట చేరితే అర్థం పూర్తిగా మారిపోతుంది. ‘రన్ అవుట్ ఆఫ్’ అంటే నిండుకోవడం: ‘వియ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్ ఎవ్రీ సండే’ అంటే ప్రతి ఆదివారం ఇంట్లో పాలు అయిపోతున్నాయని. ‘రన్ ఇంటూ’ తర్వాత మనిషి పేరు వస్తే అనుకోకుండా తారసపడటం. ‘రన్ ఓవర్’ వాహనం గురించైతే మనిషి మీదుగా పోవడం, మీటింగు గురించైతే అనుకున్న సమయం దాటిపోవడం.

రూపాల దగ్గరా జాగ్రత్త అవసరం. గడిచిన పని చెప్పేటప్పుడు ‘ర్యాన్’ అనాలి. ‘హ్యావ్’, ‘హ్యాజ్’, ‘హ్యాడ్’ ముందుంటే మళ్లీ ‘రన్’ అనే రావాలి. ‘ఐ హ్యావ్ ర్యాన్’ అనడం తప్పు.

645 అర్థాలనూ బట్టీ పట్టాలని చూడకండి. ‘రన్’ కనిపించినప్పుడల్లా ఎవరు, దేన్ని, పక్కన ఏ మాటతో అన్న మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ వాక్యాన్ని మొత్తంగా నోట్‌బుక్‌లో రాసుకుని, మరునాడు మీ మాటల్లో వాడి చూడండి.