పేరులో పలికే ఊరు

మనిషి తన జీవితకాలంలో అన్నిటికన్న ఎక్కువసార్లు వినే మాట తన పేరే. కాని ఆ మాటను ఎంచుకొన్నది అతడు కాదు. అతనికి మాటలు రాకముందే, తల్లిదండ్రులో, అవ్వాతాతలో దానిని నిర్ణయిస్తారు. అందుచేత పేరు ఆ బిడ్డను గురించి చెప్పేదానికంటె, పెట్టినవారిని గురించే ఎక్కువగా చెబుతుంది. వారు కొలిచిన దైవం, పుట్టిన ఊరు, పడిన కష్టం, కోరిన భవిష్యత్తు అన్నీ అందులో ఇమిడి ఉంటాయి. అయితే లోకం ఆ పేరును విని, దానిని మోసే మనిషి యోగ్యతను కూడా అంచనా వేయబూనుతుంది. పేరును చదవడంలో ఉన్న ఆనందమూ, ప్రమాదమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

మన సంప్రదాయం చెప్పిన షోడశ సంస్కారాలలో నామకరణం ఒకటి. అది పిలుపు కోసం చేసిన ఏర్పాటు మాత్రమే కాదు. సంఘంలో బిడ్డకు ఒక స్థానాన్ని నిర్ణయించే ప్రక్రియ కూడా. మనుస్మృతి రెండవ అధ్యాయం ఈ సంగతిని దాచకుండా చెప్పింది. బ్రాహ్మణుని పేరు మంగళాన్ని, క్షత్రియుని పేరు బలాన్ని, వైశ్యుని పేరు ధనాన్ని సూచించాలని, శూద్రుని పేరు మాత్రం న్యూనతను సూచించాలని అది విధించింది. పేరు వినగానే మనిషి అంతస్తు తెలియాలన్న కోరిక ఎంత పాతదో దీనివల్ల గ్రహించవచ్చు.

శాస్త్రం ఏమి చెప్పినా, పల్లెప్రజలు తమ బిడ్డలకు తమకు దగ్గరైన దేవుళ్ల పేర్లనే పెట్టుకొన్నారు. కర్నూలు జిల్లాలోని ఆలూరు ప్రాంతాన్నే తీసుకొందాం. అక్కడి పాత పేర్లను వరుసగా రాసిపెడితే, అది చుట్టుపక్కల క్షేత్రాలకు దారి చూపే పటంలా ఉంటుంది. ఈరన్న, ఈరమ్మ, ఉరుకుందప్ప అన్న పేర్లు ఉరుకుంద ఈరన్నస్వామిని తలపిస్తాయి. నెట్టికల్లప్ప, నెట్టికంటయ్య అన్నవి గుంతకల్లు దగ్గరి కసాపురంలో వెలసిన నెట్టికంటి ఆంజనేయస్వామి పేర్లు. మల్లయ్య, మల్లప్ప, మల్లమ్మ అన్న పేర్లు ఎన్నో చోట్ల ఉన్నా, ఈ సీమవారికి దేవరగట్టు మాళమల్లేశ్వరుడు వెంటనే గుర్తుకు వస్తాడు. రాఘవేంద్ర అంటే మంత్రాలయం. ఓబులేసు, ఓబులమ్మ అంటే అహోబిలం. వానచినుకు కోసం ఆకాశంవైపు చూసే మెట్టసీమలో ప్రజలు మొక్కుకొన్న దైవం పేరునే పుట్టిన బిడ్డకు పెట్టడం కృతజ్ఞతను తెలిపే పద్ధతి.

ఈ పేర్ల చివర తరచుగా వినిపించే ‘అప్ప’ అన్న మాట మరొక చరిత్రను చెబుతుంది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు అవి తెలుగునేలలో చేరాయి. పాలనాపరమైన సరిహద్దు మారింది కాని, పేర్లలోని కన్నడ స్పర్శ మాసిపోలేదు. బసప్ప, బసవరాజు, ఈరప్ప వంటి పేర్లు రెండు భాషల పొత్తుకు గుర్తులుగా నేటికీ నిలిచి ఉన్నాయి.

భాషకే కాక, మతానికి కూడా పేరు గీత గీయలేకపోయింది. రాయలసీమ పల్లెల్లో పీర్లపండుగను హిందువులు, ముస్లింలు కలిసి జరుపుకొంటారు. సంతానం కోసం పీరుస్వామికి మొక్కుకొన్న హిందూ కుటుంబాలలో దస్తగిరి, మస్తానమ్మ, హుసేనప్ప, ఫకీరప్ప అన్న పేర్లు కనిపిస్తాయి. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి పేరున కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అని పిలుచుకొనేవారు ఎందరో ఉన్నారు. పేరును విని మతాన్ని నిర్ణయించే బయటివారు ఈ సీమలో పొరపడక తప్పదు.

మరీ విచిత్రమైన పేరు మన్రోలప్ప. నిజాం నవాబు 1800లో ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. గుడారాలలో బస చేస్తూ, పల్లెలు తిరిగి, రైతుల గోడు విన్న అధికారిగా పేరు పొందాడు. తరువాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న ఆలూరుకు సమీపంలోని పత్తికొండలో కలరా సోకి మరణించాడు. ఆయన మీది అభిమానంతో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. ఒక ఆంగ్లేయుని ఇంటిపేరుకు మన ‘అప్ప’ తోడై, అచ్చమైన సీమపేరుగా మారిపోయింది.

కొన్ని పేర్లు పైకి వింతగా తోచినా, వాటి వెనుక కన్నీళ్లు ఉంటాయి. తిప్ప, కుప్ప, పెంట అన్న మాటలు చెత్తకుప్పను సూచిస్తాయి. పుట్టిన పిల్లలు పురిటిలోనే పోతుంటే, తరువాత పుట్టిన బిడ్డకు తిప్పన్న, కుప్పమ్మ, పెంటయ్య అని పేరు పెట్టేవారు. చెత్తలా కనిపించే బిడ్డను మృత్యువు కోరదని వారి నమ్మకం. ఆ పేరు తిరస్కారం కాదు. బిడ్డ దక్కాలని తల్లి పడిన తపన. అయితే తిప్ప అన్న మాట ఉన్న ప్రతి పేరుకూ ఇదే కారణమని అనుకోరాదు. చిత్రదుర్గం జిల్లా నాయకనహట్టిలోని తిప్పేరుద్రస్వామి భక్తులు కూడా తిప్పేస్వామి, తిప్పమ్మ అని పెట్టుకొంటారు. కనుక ఒక పేరు కథ ఆ ఇంటివారు చెబితేనే తెలుస్తుంది; పక్కవారి ఊహకు అందదు.

నిజంగా తిరస్కారాన్ని మోసే పేర్లూ లేకపోలేదు. మహారాష్ట్రలో మగబిడ్డను ఆశించిన కొన్ని కుటుంబాలు, ఆడపిల్ల పుట్టినప్పుడు ‘నకుశా’ అని పేరు పెట్టేవి. ‘అక్కరలేనిది’ అని దాని అర్థం. 2011 అక్టోబరులో సతారా జిల్లా అధికారులు సభ జరిపి, అటువంటి బాలికలు రెండువందలమందికి పైగా కొత్త పేర్లు పొందే ఏర్పాటు చేశారు. పిలిచిన ప్రతిసారి మనసును గాయపరచే పేరును మార్చుకోవడం వారి హక్కు.

పేరుకు ముందూ వెనుకా చేరే మాటలు కూడా గమనింపదగినవి. తెలుగువారి ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లు. తాళ్లపాక అన్నమాచార్యుల ఇంటిపేరు కడప సీమలోని గ్రామమే. పేరు చివర చేరే రెడ్డి, శెట్టి, శర్మ వంటి మాటలు కులాన్ని తెలుపుతాయి. సమతను కోరినవారు కొందరు వీటిని వదులుకొన్నారు. సుందరరామిరెడ్డిగా పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇక పిలుపు సంగతి చూడండి. ఒకే మల్లయ్య, భూమి ఉన్నవాడైతే ‘మల్లయ్యగారు’, కూలివాడైతే ‘మల్లిగాడు’. పేరు మారలేదు, పిలిచేవారి చూపు మారింది.

ఈ చూపే చదువుకొన్న యువతను బాధిస్తున్నది. పల్లెనుంచి పట్టణపు కళాశాలకు వచ్చిన విద్యార్థి, హాజరు పిలిచేటప్పుడు తన పేరు విని తోటివారు నవ్వుతారేమోనని సంకోచిస్తాడు. ఈరన్న మనుమడు వీరేష్ కావడం, తిమ్మప్ప మనుమడు వెంకటేష్ కావడం ఈ సంకోచానికి ఒక ఫలితం. కొత్త పేరు పెట్టుకోవడం తప్పు కాదు. పాత పేరును చూసి సిగ్గుపడేటట్లు చేయడమే తప్పు.

ఇది నవ్వులతో పోయే విషయం కాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు 2007లో ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. పత్రికలలో వెలువడిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి, వచ్చిన స్పందనను పరిశీలించారు. అర్హతలు సమానంగా ఉన్నప్పటికీ, అగ్రకులాన్ని తెలిపే పేర్లకంటె దళితులని, ముస్లింలని తెలిపే పేర్లకు పిలుపు అందే అవకాశం తక్కువగా ఉన్నట్లు తేలింది. దరఖాస్తులోని చదువు చదవకముందే, పేరు చదివి తలుపు మూసినవారున్నారన్నమాట. మనువు కాలపు ఆలోచన నేటి కార్యాలయాలలోనూ పూర్తిగా తొలగిపోలేదు.

మన సాహిత్యచరిత్రను చూస్తే ఈ అంచనాలు ఎంత నిరాధారమో తెలుస్తుంది. నేటి వాడుకలో ‘తిక్క’ అంటే వెర్రి. అయినా మహాభారతంలో పదిహేను పర్వాలను తెలుగు చేసిన తిక్కనను తలచుకొన్నప్పుడు ఎవరికీ నవ్వు రాదు. కవిబ్రహ్మ గుర్తుకు వస్తాడు. పెద్దన, తిమ్మన అన్నవి పల్లెల్లో వినిపించే పెద్దన్న, తిమ్మన్న పేర్లే. అవే కృష్ణదేవరాయల సభను అలంకరించాయి. సుభద్రా కల్యాణాన్ని రచించిన కవయిత్రి పేరు తిమ్మక్క. రామాయణం రాసిన ఆతుకూరి మొల్ల పేరుకు అర్థం మల్లెజాతి పువ్వు. ఈ పేర్లు వారికి గౌరవం తేలేదు. వారే ఆ పేర్లకు గౌరవం తెచ్చారు.

పేరు వెనుక కుటుంబ చరిత్ర ఉంటుంది; ఆ చరిత్రను తెలుసుకోవడం సంస్కారం. కాని మనిషి తెలివినీ, శీలాన్నీ పేరులో వెదకడం అవివేకం. ‘నీ పేరేమిటి?’ అని అడిగినప్పుడు, ఎదుటివాని కులమేదో, మతమేదో తెలుసుకోవాలన్న కోరిక అందులో దాగి ఉన్నదేమో ప్రతి ఒక్కరూ ప్రశ్నించుకోవాలి. ఆ కోరిక లేనప్పుడే పేరు పిలుపుగా మిగులుతుంది.

ప్రశ్నలు

1. ఆలూరు ప్రాంతపు పేర్లలో స్థానిక క్షేత్రాల ప్రభావాన్ని వివరించండి.
2. తిప్పన్న, నకుశా అన్న పేర్ల వెనుక ఉన్న భావాలలోని భేదమేమిటి?
3. ‘పేరు మారలేదు, పిలిచేవారి చూపు మారింది’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ కుటుంబంలో మూడు తరాలవారి పేర్లను సేకరించి, అవి పెట్టడానికి గల కారణాలను పెద్దలను అడిగి రాయండి.